గడప దాటే మాట

మనవాళ్లు ఇంట్లోంచి కదిలేటప్పుడు "వెళ్తాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. పెరుగు ప్యాకెట్టు కోసం సందు చివరికి వెళ్ళినా అంతే, ఉద్యోగానికి సముద్రం దాటినా అంతే. పిల్లలెవరైనా పొరపాటున "వెళ్తున్నా" అంటే పెద్దవాళ్లు ఊరుకోరు, అక్కడికక్కడే దిద్దుతారు. ఇంత చిన్న మాట మీద ఒక యంత్రాన్ని నిలబెట్టొచ్చని ఎవరికీ తట్టలేదు. డాక్టర్ చామర్తి అలివేలుకు తట్టింది. ఆవిడకూ తట్టకపోయుంటే బాగుండేది.

ఆ యంత్రం పేరు గడప. చూడ్డానికి తలుపుల్లేని గుమ్మంలా ఉండేది. తూర్పు తీరంలో ఒక ఊరి విమానాశ్రయంలో దాన్ని ప్రయోగానికి పెట్టారు. ఊరి పేరు చెప్పను, ఆ ఊరివాళ్లకు ఇప్పటికే సరిపడా బాధలున్నాయి. తెలుగు మాట్లాడే ప్రయాణికులు ఒక్కొక్కరే ఆ గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తాను" అనాలి. బెల్టు విప్పనక్కర్లేదు, చేతులు చాపి నిలబడనక్కర్లేదు. ఆ మాట అనేటప్పుడు మొదటి సగంలో మనసు గుమ్మం దాటుతుంది, రెండో సగంలో ఒక్క లిప్త పాటు వెనక్కొస్తుంది. తన ఇంటి తలుపో, చెప్పులు విడిచే చోటో, వంటింట్లో గిన్నెల చప్పుడో మెరిసి మాయమవుతుంది. ఆ మెరుపును కణతల దగ్గర పట్టుకోవడమే గడప పని. మెరుపుంటే పచ్చ దీపం, లేకపోతే ఎర్ర దీపం. విమానాన్ని కూల్చి తానూ చావాలనుకున్నవాడికి తిరిగిరావడం ఉండదు కాబట్టి వాడి మాటలో రెండో సగం వట్టిపోతుందని అలివేలు సిద్ధాంతం.

పచ్చ వచ్చినవాళ్ల సంచులు తెరవక్కర్లేదన్నారు. వరుసలు చకచకా కదిలాయి, జనం సంతోషించారు, సంచులు వెతికే సిబ్బందిలో సగంమందిని వేరే పనులకు పంపేశారు. ఎర్ర దీపం వచ్చినవాళ్లను మాత్రం ఒక గదిలో రెండు రోజులు కూర్చోబెట్టి పోలీసులు ప్రశ్నలడిగేవారు. ఆ తర్వాత ఏడాది పాటు వాళ్లు విమానం ఎక్కడానికి వీల్లేదు.

అలివేలు దగ్గర రెండో స్థానంలో పనిచేసేవాడు షేక్ జిలానీ. నరసరావుపేట మనిషి. ఏ విమానాశ్రయంలో అయినా సరే, టికెట్టు మీద పేరు చూడగానే అతన్ని పక్కకు పిలిచి సంచి బోర్లించేవారు, మళ్లీ సర్దుకోమనేవారు. సర్దుకోవడంలో అతనికి మంచి నేర్పు వచ్చింది. "మన యంత్రం పేరు చదవదు మేడమ్. నాకదే చాలు" అని చేరిన రోజునే అన్నాడు. అంత నమ్మకంతో పనిచేసేవాడు దొరకడం ఏ ప్రయోగశాలకైనా అదృష్టమే.

యంత్రాన్ని పరీక్షించడానికి పరిశీలన సంఘం ఒక కానిస్టేబుల్‌ను మామూలు బట్టల్లో పంపింది. అతని సంచిలో ఉత్తుత్తి బాంబు ఉంది. అతను గడపలో నిలబడి "వెళ్ళొస్తా" అన్నాడు, పచ్చ వెలిగింది, బాంబుతో సహా దర్జాగా విమానం ఎక్కి కూర్చున్నాడు. సంఘం ఛైర్మన్ రంగధామం గారు పోలీసు శాఖలో పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు. ఇదేమిటమ్మా అని అడిగాడు. అలివేలు తడుముకోలేదు. ఆ కానిస్టేబుల్ నిజంగానే ఇంటికి తిరిగొద్దామనుకున్నాడు కదా, రాత్రికి వాళ్లావిడ చేపల పులుసు పెడతానందట కదా, మరి యంత్రం సరిగ్గానే చదివినట్టు కాదా అంది. రంగధామం గారికి ఆ జవాబు ఎంతో నచ్చింది. నచ్చిన జవాబును మనుషులు దాచుకుంటారు, అవసరానికి తీసి వాడుకుంటారు.

అసలు లోపాన్ని పట్టుకున్నది జిలానీ, అదీ గుండ్ల వల్ల. గుండు చేయించుకుని వచ్చే మగవాళ్లు రెండు రకాలుగా తేలుతున్నారని గేటు సిబ్బంది జోకులేసుకునేవారు. చేతిలో తిరుపతి లడ్డూ సంచి ఉన్న గుండుకు పచ్చ వెలుగుతుంది, లడ్డూ లేని గుండుకు ఎరుపు వెలుగుతుంది. దేవుడికి మన యంత్రమంటే దయ ఉందని వాళ్ల పరాచికం. జిలానీ నవ్వలేదు. ఎర్ర గదిలోంచి బయటపడినవాళ్లకు ఫోన్లు చేశాడు, కొందరి ఇళ్లకు వెళ్ళాడు. ఆడా మగా, ముసలీ ముతకా, అందరిదీ ఒకటే కథ. అందరూ ఆ రోజు చావింట్లోంచి నేరుగా విమానాశ్రయానికి వచ్చినవాళ్లే.

చావింట్లోంచి వచ్చేటప్పుడు ఎవరూ "వెళ్ళొస్తాను" అనరు. ఆ ఇంటివాళ్లూ "వెళ్ళి రండి" అనరు. చెప్పకుండా లేచి వచ్చేయడమే. చావింటికి మళ్లీ వస్తానంటే మరో చావు కోరుకున్నట్టు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మనసు నేర్చుకున్న నిషేధం అది. అలాంటి ఇంటి గుమ్మం దిగొచ్చి గంట కూడా కానివాణ్ణి గుమ్మంలాంటి యంత్రంలో నిలబెట్టి ఆ మాట అనమంటే నోరు అంటుంది, మనసు అనదు. రెండో సగం వట్టిపోతుంది.

జిలానీ ఇంకో పని కూడా చేశాడు. అలివేలు అనుమతి తీసుకునే, ఒక వారం పాటు మాట మార్చి చూశాడు. "వెళ్ళొస్తాను" బదులు "రేపు ఇంట్లో ఉంటాను" అనిపించాడు. ఆ వారమంతా ఒక్క ఎర్ర దీపమూ వెలగలేదు. చావింటివాళ్లకు పచ్చ, లడ్డూలవాళ్లకు పచ్చ, అందరికీ పచ్చే.

"అంటే మన యంత్రం ఉద్దేశాన్ని చదవడం లేదు మేడమ్. ఇది మైలను చదువుతోంది. చావింటి నుంచి వచ్చినవాళ్లను పట్టుకోవడం తప్ప దీనికి ఇంకేమీ రాదు" అన్నాడు.

అలివేలుకు అర్థం కాక కాదు. పదకొండేళ్లు దాని మీదే బతికింది. పెళ్ళి వద్దనుకుంది, స్నేహాలు తెంపుకుంది, సొంత ఊళ్లో జరిగిన శుభకార్యాలకు కానుకలు పంపి సరిపెట్టింది. మరో మూడు వారాల్లో సంఘం తుది నిర్ణయం చెప్పబోతోంది. అవునంటే దేశంలోని ప్రతి విమానాశ్రయంలోనూ గడప నిలబడుతుంది, తమిళులకూ కన్నడిగులకూ వాళ్ల వాళ్ల మాటలతో సహా. నిర్ణయం వచ్చాక సరిచేద్దాం జిలానీ, ఈలోగా నోరు కదపకు అని చెప్పింది. ఈలోగా ఎర్ర గదిలో కూర్చునేవాళ్ల సంగతేమిటని అతనడిగాడు. ఎలాగూ ఏడుస్తూనే ఉంటారు కదా, ఎక్కడ కూర్చుని ఏడిస్తేనేం అంది. ఆ మాట ఆవిడే అంది, నేను కల్పించింది కాదు.

ఆ వారంలోనే ఆవిడ అన్న సుధాకరం పోయాడు. స్నానానికి వెళ్ళినవాడు వెళ్ళినట్టే కూలిపోయాడు. అదే ఊళ్లో, విమానాశ్రయానికి దగ్గర్లోనే అపార్ట్‌మెంటులో ఉండేవాడు. పిల్లల్లేరు. వదిన హైమవతి ఏడవడం కూడా మానేసి హాల్లో ఒక మూల చాప మీద కూర్చుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి చెల్లెలు వకుళ వచ్చింది, ఆమెతోపాటు వాళ్ల మేనత్త రాజ్యమ్మ కూడా. అత్తయ్య ఎప్పుడో భర్తను పోగొట్టుకుని వకుళ దగ్గరే ఉంటోంది. అన్నాచెల్లెళ్లు ముగ్గుర్నీ ఎత్తుకుని పెంచింది ఆవిడే కాబట్టి ముగ్గురినీ తిట్టే హక్కు తనకే ఉందనుకునే మనిషి.

కర్మకాండ ముగిసింది. ఇక వెళ్ళిపోవాలని వకుళ తొందర పడుతోంది. ఆమెకు ఆరేళ్ల కూతురు మిన్ను ఉంది. అక్కడ పిల్లకు జ్వరం, ఓడరేవులో పనిచేసే భర్త ప్రసాదు సెలవు దొరక్క సతమతమవుతున్నాడు. గురువారం విమానానికి వకుళకూ అత్తయ్యకూ టికెట్లు తీసుకున్నారు.

ఈ సంగతి రంగధామం గారి చెవిన పడింది. ఫోన్ చేసి సానుభూతి చెప్పాడు, చెప్పి అసలు విషయానికొచ్చాడు. గురువారం సంఘం సభ్యులందరూ గేటు దగ్గర ఉంటారట, టీవీవాళ్లు కూడా వస్తారట. ఆ రోజు డాక్టరుగారి సొంత చెల్లెలూ మేనత్తా అందరిలాగే గడప దాటి వెళ్తే జనానికి అంతకన్నా నమ్మకం ఏముంటుంది అన్నాడు. అలివేలు సరేనంది.

జిలానీ విని నిర్ఘాంతపోయాడు. వాళ్లిద్దరికీ ఎరుపు వస్తుందని మీకు తెలుసు కదా అన్నాడు. ఓడలో పంపించెయ్యండి మేడమ్, మూడు రోజుల ప్రయాణమే కదా అని బతిమాలాడు. ఛైర్మన్ గారికి మాటిచ్చాను అంది అలివేలు. పైగా ఎరుపు ఎందుకొస్తుంది, రాకుండా చేస్తాను అంది.

ఎరుపు రాకుండా చేసే దారి చాలా సులువు. మనసు ఆ మాటకు జడుస్తోంది, అంతే కదా. ఏ గుమ్మంలో జడుస్తోందో ఆ గుమ్మంలోనే నిలబెట్టి, జడుపు పోయేదాకా అనిపిస్తే సరిపోతుంది. ప్రయోగశాలలో సబ్బుపెట్టెంత చేతి యంత్రం ఒకటుంది, కణతకు ఆనిస్తే అదే పచ్చా ఎరుపూ చూపిస్తుంది. బుధవారం పొద్దున అది పట్టుకుని అలివేలు అన్న ఇంటికి వెళ్ళింది.

చెల్లెల్ని గుమ్మంలో నిలబెట్టింది. మొహం హాలు వైపు తిప్పింది. హాల్లో చాప మీద వదిన ఉంది, గోడకు అన్నయ్య ఫొటో ఉంది, ఫొటోకు వేసిన దండ ఇంకా వాడలేదు. "వదిన వైపు చూస్తూ వెళ్ళొస్తానను" అంది.

వకుళకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. అలా ఎలా అంటానక్కా అంది. అలివేలు ఎంతో ఓపిగ్గా చెప్పింది. ఇది మూఢనమ్మకం, నువ్వు నర్సువి, చదువుకున్నదానివి, రేపు నీకు ఎరుపొస్తే రెండు రోజులు గదిలో పెడతారు, ఇక్కడ నువ్వు, అక్కడ జ్వరంతో నీ కూతురు. చివరి మాట పనిచేసింది. పిల్ల పేరెత్తితే తల్లి ఎందుకు లొంగదు?

"వెళ్ళొస్తాను వదినా" అంది వకుళ, నేల చూస్తూ. ఎరుపు.

"తలెత్తి చెప్పు. ఈ ఇంటికి మళ్లీ రావడాన్ని ఊహించుకో. తలుపు తడుతున్నావు, వదిన తీస్తోంది."

"వెళ్ళొస్తాను వదినా." మళ్లీ ఎరుపే. మళ్లీ అనిపించింది. మళ్లీ, మళ్లీ. మూల కూర్చున్న హైమవతి మొదట్లో తల తిప్పి చూసింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత రెండు చేతులతో చెవులు మూసుకుని గోడ వైపు తిరిగింది. అలివేలు చెల్లెలి కణతనే చూస్తోంది తప్ప అటు చూడలేదు. ఎన్నోసారికో వకుళ గొంతు మామూలుగా అయిపోయింది, కూరలకు వెళ్ళేటప్పుడు చెప్పినంత మామూలుగా. చిన్న డబ్బాలో పచ్చ వెలిగింది.

వంటింట్లోంచి వచ్చిన రాజ్యమ్మకు కాసేపు ఏం జరుగుతోందో తెలియలేదు. తెలిశాక పెద్ద మేనకోడలి దగ్గరికి వచ్చి నిలబడింది.

"చావింట్లో నిలబడి మళ్లీ వస్తానంటే, వచ్చే పని మళ్లీ పడాలని కోరుకోవడమేనే. దాని చేత ఆ మాట అనిపించావు. నీకు చదువెక్కువై మతి పోయింది."

నువ్వూ అనాలి అత్తయ్యా, లేకపోతే రేపు నిన్ను ఆపేస్తారు అంది అలివేలు.

"ఆపనీ. ఈ గుమ్మంలో నేను చెప్పి కదలను. లేచి వెళ్ళిపోతాను, అంతే."

గురువారం నాడు గేటు దగ్గర పెళ్ళి సందడి. సంఘం సభ్యులకు కుర్చీలు వేశారు, కొబ్బరినీళ్లు ఇచ్చారు. టీవీ కెమెరా గడపకు ఎదురుగా నిలబడింది. పోర్ట్ బ్లెయిర్ విమానం వాళ్లు వరుస కట్టారు. వకుళకు ముందు గోధుమరంగు చొక్కా వేసుకున్న ఒకాయన ఉన్నాడు. భుజానికి సంచి, చేతిలో కాజాల పెట్టె, మొహాన ప్రశాంతమైన నవ్వు. గడపలో నిలబడి సిబ్బందికి నమస్కారం పెట్టి, ఎవరూ అడక్కుండానే అండీ కూడా చేర్చి, "వెళ్ళొస్తానండీ" అన్నాడు. వెలిగిన పచ్చను చూసి జిలానీ కూడా ఆశ్చర్యపోయాడు, అంత నిండైన మెరుపు ప్రయోగం మొదలైనప్పటి నుంచీ ఎవరిలోనూ రాలేదు. ప్రయాణికుడంటే ఇలా ఉండాలి అని రంగధామం గారు పక్కవాళ్లతో అన్నాడు. కెమెరా అతని మొహాన్ని దగ్గరగా తీసుకుంది. సంచి తెరవక్కర్లేదు కాబట్టి ఎవరూ తెరవలేదు.

వకుళ నిలబడింది, చెప్పింది, పచ్చ వెలిగింది. సభ్యులు చప్పట్లు కొట్టారు.

తర్వాత రాజ్యమ్మ. వెళ్ళొస్తాననండమ్మా అని గేటు దగ్గర పిల్ల మర్యాదగానే అడిగింది. ముసలావిడ పెదవి విప్పలేదు. మళ్లీ అడిగితే "వెళ్తున్నాను" అంది, అదీ గట్టిగా. ఎరుపు వెలిగింది. కెమెరావాడు కెమెరా దించాలో వద్దో తెలియక రంగధామం గారి వైపు చూశాడు. ఆయన ఒక్క క్షణం తడబడి, చూశారా, సొంత మేనత్తనైనా సరే ఈ యంత్రం వదలదు అన్నాడు. మళ్లీ చప్పట్లు.

వకుళ అవతల వైపు ఆగిపోయింది. అత్తయ్యను వదిలి నేను వెళ్ళలేను, నేనూ ఉండిపోతాను అంది. నిజానికి ఉండిపోతే పోయేది, ఎవరూ అడ్డుపెట్టేవాళ్లు కారు. కానీ పచ్చ వచ్చిన చెల్లెలు కెమెరా ముందు వెనక్కి తిరిగితే బాగుండదని అలివేలుకు తోచింది. దగ్గరికి వెళ్ళి మోచెయ్యి పట్టుకుంది, మిన్ను ఎదురుచూస్తోంది నడు, అత్తయ్యను నేను చూసుకుంటాను అంటూ నాలుగడుగులు తనే నడిపించింది. వకుళ కళ్లు తుడుచుకుని నవ్వడానికి ప్రయత్నించింది.

"వెళ్ళొస్తా అక్కా" అంది.

విమానం లేచి వెళ్ళాక ఎర్ర గదిలో పోలీసు అధికారి రాజ్యమ్మకు మంచినీళ్లిచ్చి ప్రశ్నలు మొదలుపెట్టాడు. మీకు తిరిగి రావాలని ఎందుకు లేదమ్మా అని అడిగాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది.

"చావింటికి తిరిగి రావాలని ఎవడికుంటుందయ్యా? నీకుంటుందా?"

అతను రాసుకుంటూ ఉండగానే బయట పరుగులు వినిపించాయి. విమానం సముద్రం మీద పేలిపోయింది. ఎవరూ మిగల్లేదు. తలుపు తోసుకుని అలివేలు లోపలికొచ్చింది. అత్తయ్య ఆ మొహం చూసింది, లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. "అనిపించావు కదే, దాని చేత" అంది. ఆ తర్వాత అలివేలుతో మాట్లాడటం మానేసింది.

ఆ గోధుమరంగు చొక్కావాడు ఏ లోకానికి తిరిగొస్తాననుకున్నాడో, అక్కడ వాడికోసం ఎవరు తలుపు తీసి ఉంచారో నాకు తెలియదు. వాడికి మాత్రం గట్టి నమ్మకం ఉంది. మనలాంటి మామూలు మనుషులం సాయంత్రం ఇంటికి చేరతామని అంత నిబ్బరంగా ఎప్పుడూ అనుకోం. ఎక్కడో గ్యాసు కట్టేశామో లేదో అన్న దిగులు మన పచ్చను కాస్త పలచన చేస్తూనే ఉంటుంది. వాడికి ఆ దిగులు లేదు.

విచారణ జరిగింది. గడపను పీకి పారేస్తారని జిలానీ అనుకున్నాడు. తనకు తెలిసిందంతా, గుండ్ల సంగతీ మాట మార్చి చూసిన సంగతీ, సంఘం ముందు చెప్పాడు. సంఘం శ్రద్ధగా విన్నది. విని, ఎర్ర దీపం వచ్చినవాళ్ల ఇళ్ల చుట్టూ అనుమతి లేకుండా ఎందుకు తిరిగావని అడిగింది, యంత్రంలో లోపముందని బయట ఇంకెవరికి చెప్పావని అడిగింది. ఆ సాయంత్రమే పోలీసులు అతన్ని తీసుకెళ్లారు. పేరు చదవని యంత్రం చేసినవాణ్ణి పేరు చదివి తీసుకెళ్లారు. మాట మార్చిన పరీక్ష మీరే చేయించారా అని అలివేలును అడిగారు. నాకు గుర్తులేదు అంది.

రంగధామం గారు మాత్రం దాచుకున్న జవాబును బయటికి తీశాడు. గడప అడిగేది తిరిగొచ్చే ఉద్దేశం ఉందా అనే కదా, వాడికి ఉంది, మరి యంత్రం సరిగ్గానే చదివినట్టు కాదా అన్నాడు. అంతటితో ఆగలేదు. ఆ రోజు ఆ విమానం ఎక్కాల్సినవాళ్లలో ప్రాణాలతో మిగిలినది ఒక్క మనిషే, ఆమెను ఆపింది గడపే అన్నాడు. ఈ మాటతో అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. పేపర్లు రాజ్యమ్మ ఫొటో వేసి, యంత్రం కాపాడిన ప్రాణం అని రాశాయి. దేశంలోని అన్ని విమానాశ్రయాల్లోనూ గడప పెట్టాలని నిర్ణయం జరిగింది. పచ్చ వచ్చినవాళ్ల సంచులు కూడా తెరవాలా అని ఎవరో అడిగితే, అప్పుడిక యంత్రం ఎందుకు అన్నారు.

అలివేలు పోర్ట్ బ్లెయిర్ వెళ్ళింది. అత్తయ్య అంతకుముందే ఓడలో చేరింది. దహనానికి దేహం లేదు, ప్రసాదు దర్భలతో బొమ్మ చేయించి కర్మ చేశాడు. ఆ ఇంట్లో అలివేలుతో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు, తక్కువ కూడా చెయ్యలేదు. వేళకు విస్తరి వేశారు. చేతి యంత్రం ఆవిడ సంచిలోనే ఉంది. చెల్లెలు పోయిన రోజు నుంచీ, చుట్టూ ఎవరూ లేనప్పుడు, దాన్ని కణతకు ఆనించుకుని ఆ మాట అనుకుని చూసుకునేది. ప్రతిసారీ ఎరుపే. అందులో ఆవిడకు ఒక రకమైన ఊరట ఉండేది. తనకూ మనసుందని చెప్పడానికి ఈ లోకంలో ఆ డబ్బా ఒక్కటే సాక్ష్యం.

పన్నెండో రోజు దాటాక బయల్దేరింది. రాజధానిలో గడప ప్రారంభోత్సవం ఉంది, ఆవిడ రాక తప్పదని కబురొచ్చింది. ప్రసాదు లోపలి గదిలోంచి రాలేదు. రాజ్యమ్మ హాల్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేని ఇల్లు కాబట్టి అలివేలు సంచి భుజాన వేసుకుని మౌనంగా గుమ్మం దిగింది.

మిన్ను పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. జ్వరం తగ్గింది కానీ మనిషి చిక్కిపోయింది. వాళ్లమ్మ కళ్లే పిల్లవి.

"పెద్దమ్మా, వెళ్ళొస్తానని చెప్పలేదేం? చెప్పకుండా వెళ్ళకూడదు. అమ్మ నాకు చెప్పే వెళ్ళింది."

అలివేలు వెనక్కి తిరిగింది. చేట చప్పుడు ఆగింది. రాజ్యమ్మ తలెత్తి చూస్తోంది, వద్దు అని ఆ చూపులోనే ఉంది. పిల్ల మాత్రం పట్టువదల్లేదు, మళ్లీ ఎప్పుడొస్తావు, వస్తావా రావా అని చెయ్యి పట్టుకుని ఊపింది. ఆ చిన్న వేళ్లు వెచ్చగా ఉన్నాయి. ఈ పిల్ల కోసం మళ్లీ రావాలని, ఈ తలుపు తట్టాలని, తన బతుకులో ఇంకేదీ అక్కర్లేదని అలివేలుకు ఒక్కసారిగా అనిపించింది. ఎన్నేళ్ల తర్వాతో ఏదో ఒకటి నిజంగా కావాలనిపించింది. భుజాన్నుంచి జారిన సంచిలోంచి డబ్బా తీసి కణతకు ఆనించుకుంది. ఎందుకు తీసిందో ఆవిడకే తెలియదు. అలవాటు.

"వెళ్ళొస్తానమ్మా" అంది.

పచ్చ వెలిగింది. వెలుగు చూసి మిన్ను నవ్వింది.

రాజ్యమ్మ లేచొచ్చింది. ఒళ్లోంచి చేట జారి బియ్యం నేలంతా పడ్డా చూడలేదు. అలివేలును ఒక్క మాట అనలేదు. పిల్లను రెండు చేతులా ఎత్తి లోపలికి లాక్కుని తలుపు మూసింది. లోపల గడియ పడిన చప్పుడయింది. ఆ వెంటనే, పిల్ల తలమీదుగా దిష్టి తీస్తున్నట్టు, ముసలావిడ గొణుగుడు వినిపించింది.

అలివేలు కాసేపు అక్కడే నిలబడి, తర్వాత విమానానికి వేళవుతోందని నడిచింది.